బంగారపు వేటనాటి వైద్యుడు: డాక్టరు హెల్మ్‌కెన్

ఉత్తర అమెరికా ఖండమునకు పడమటి దిక్కున, పసిఫిక్ మహాసముద్రములో, కెనడా దేశమునకు చెందిన వాంకూవరు ద్వీపము కలదు. ఆ ద్వీపపు దక్షిణాగ్రమున విక్టోరియా నగరమున్నది. నేడది బ్రిటిషు కొలంబియా రాష్ట్రమునకు రాజధాని. కాని 1850వ సంవత్సరమున అచ్చట నగరము లేదు, వీధులు లేవు. కొయ్యదుంగలు పాతి కట్టిన ప్రాకారము, దాని లోపల కొన్ని గిడ్డంగులు, ఉద్యోగులు నివసించు కొట్టములు, ప్రాకారమునకు ఎదురుగా ఏటి ఆవలిదరిని సాంఘీసు అను ఆదిమజాతివారి పల్లె, చుట్టును దేవదారు అడవి. అంతే. ఉన్నితోళ్ల వర్తకము చేయు హడ్సన్ బే కంపెనీవారు 1843లో ఈ కోటను కట్టుకొనిరి. ఈస్టిండియా కంపెనీవారు మన దేశమున వర్తకముతో మొదలిడి పరిపాలనకు దిగినట్లే, ఈ కంపెనీవారును ఏటికి ఏడు షిల్లింగుల నామమాత్రపు శిస్తుపై 1849లో ద్వీపమంతయు ఇంగ్లాండు రాణివలన పుచ్చుకొనిరి. అట్టి చోటికి ఇరువదియైదేండ్లు నిండియు నిండని యువకుడొకడు మందులపెట్టెతో వచ్చి దిగెను. అతడే జాన్ సెబాస్టియన్ హెల్మ్‌కెన్. తరువాత డెబ్బదియేండ్లు అతడా ఊరు విడువలేదు.

హెల్మ్‌కెన్ 1824వ సంవత్సరము జూన్ 5వ తేదీన లండను నగరపు తూర్పుభాగమందలి వైట్‌చాపెల్ పేటలో జన్మించెను. తల్లిదండ్రులు జర్మను సంతతివారు. ఆ పేట కూలివారికిని, చిన్న వర్తకులకును నిలయము. కలిగిన కుటుంబము కాదు గనుక కుమారుని పెద్ద విద్యాలయములకు పంపు స్తోమత వారికి లేకుండెను. జర్మను పాఠశాలలో చదువు ముగిసిన పిమ్మట గ్రేవ్స్ అను వైద్యునివద్ద బాలుడు పనికి కుదిరెను. ఆనాడు వైద్యవిద్య నేర్చుకొను పద్ధతి మన ఆయుర్వేద వైద్యుల ఇండ్లలో శిష్యులు నేర్చుకొను పద్ధతికి చాల దగ్గరిది. మొదట మందులు రోగుల ఇండ్లకు చేర్చుట, తరువాత మందులు నూరుట, మాత్రలు చుట్టుట, గాయములకు కట్లు కట్టుట, ఇట్లు మెట్టుమెట్టుగా పైకి రావలెను. ఇట్లు ఎదిగిన హెల్మ్‌కెన్ 1844లో ప్రసిద్ధమైన గైస్ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. మూత్రపిండముల వ్యాధిని వివరించి పేరొందిన రిచర్డు బ్రైటు, మరియొక మహావైద్యుడు థామస్ అడిసన్ ఆ వైద్యశాలకు చెందినవారే.

ఆ దశాబ్దము వైద్యచరిత్రలో సంధికాలము. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము శస్త్రచికిత్సలోనికి ప్రవేశించి, రోగి మేలుకొని కేకలువేయుచుండగా కత్తిపెట్టవలసిన దుర్దశను తొలగించెను. అయినను, పుండు చీముపట్టుట ఎందువలననో ఎవరికిని తెలియదు. లిస్టరు తన క్రిమినాశక పద్ధతిని ప్రకటించునప్పటికి 1867వ సంవత్సరము వచ్చెను. ఈ నడిమికాలమున చదువుకొన్న వైద్యుడు హెల్మ్‌కెన్. నొప్పిని మాన్పుట తెలిసినవాడు, విషక్రిములమాట తెలియనివాడు. ఆయన తరువాత అడవులలో ఏమి చేయగలిగెనో, ఏమి చేయజాలకపోయెనో చూచునప్పుడు ఈ సంగతి మరువరాదు.

చదువు నడుమనే 1847లో హడ్సన్ బే కంపెనీ ఓడపై వైద్యుడుగా ఉత్తరపు మంచుసముద్రమునకు పోయి వచ్చెను. మరుసటి ఏట శస్త్రవైద్య పట్టము పొందెను. పిమ్మట మరియొక ఓడపై వైద్యుడుగా భారతదేశము, చైనాల వైపు ప్రయాణించెను. సముద్రపు రుచి మరిగిన యువకునికి లండనులో గది తీసుకొని రోగులకై ఎదురుచూచుట ఇష్టము కాలేదు కాబోలు, కంపెనీవారు వాంకూవరు ద్వీపమునకు వైద్యుడు కావలెననగనే ఒప్పుకొనెను.

1849 అక్టోబరులో నార్మన్ మోరిసన్ అను ఓడ వలసపోవు సుమారు 80 మందితో ఇంగ్లాండు విడిచెను. దక్షిణ అమెరికా కొనను చుట్టి ఐదు నెలల ప్రయాణము. దారిలో మశూచికము పుట్టెను. నడిసముద్రమున, ఇరుకైన ఓడలో, గాలి వెలుతురు లేని అరలలో మశూచి అనగా ఎంత భయంకరమో వేరుగ చెప్పనక్కరలేదు. యువవైద్యుడు రోగులను వేరుచేసి, శుభ్రత పాటింపజేసి, ఓడను 1850 మార్చి నెలలో క్షేమముగా గమ్యము చేర్చెను. ఈ వ్యాధితో ఆయనకు ఇది తుదిపరిచయము కాలేదు. పండ్రెండేండ్లకు అది మరల ఆయన వాకిటికే వచ్చెను.

అంతకు ఒక సంవత్సరము ముందే కాలిఫోర్నియాలో బంగారము దొరకినదను వార్త లోకమంతట వ్యాపించెను. దాని వేడి హెల్మ్‌కెనుకు మొట్టమొదట తగిలినది ద్వీపపు ఉత్తరాగ్రమున. అచ్చట బొగ్గుగనులకై కంపెనీవారు 1849లో ఫోర్టు రూపర్టు అను కోటను కట్టిరి. హెల్మ్‌కెనును మొదట అచటికే పంపిరి. ఆ ప్రాంతమున దొర లేడు, న్యాయస్థానము లేదు. ద్వీపమునకు రాణి నియమించిన ప్రథమ గవర్నరు బ్లాన్‌షార్డు ఈ యువవైద్యునికే న్యాయాధికారమును గూడ అంటగట్టెను. అప్పటికే గనిపనివారు కంపెనీతో కలహించి పని మానిరి. కాలిఫోర్నియాలో ఒక్కదినమున సంపాదింపదగిన దానికి ఇచ్చట నెలలతరబడి పాటుపడవలెనని వారి గోల. ఒకవంక కంపెనీ జీతము తినుచు, రెండవవంక కంపెనీకిని కూలివారికిని నడుమ తీర్పుచెప్పవలసిన వింతస్థితి ఆయనకు కలిగెను.

అంతలో అంతకంటె ఘోరమైన సంగతి జరిగెను. బంగారపు ఆశతో ఓడ విడిచి పారిపోయిన నావికులు ముగ్గురు సమీపమందలి నహ్విటీ జాతివారిచేత చంపబడిరి. విచారణకై హెల్మ్‌కెన్ దుబాసీని వెంటబెట్టుకొని ఆ పల్లెకు పోయి నేరస్థులను అప్పగింపుమని కోరెను. ఆ జాతివారు తమ ఆచారము ప్రకారము ప్రాణమునకు పరిహారముగా కంబళ్లును తోళ్లును ఇచ్చెదమనిరి. ఇంగ్లీషు చట్టము అట్టి పరిహారమును ఒప్పదు. మాటలు కలియలేదు. తుదకు యుద్ధనౌకలు వచ్చి ఆ పల్లెను తగులబెట్టినవి. రెండు న్యాయములు ఎదురుపడినప్పుడు తుపాకి కలవాని న్యాయమే చెల్లుట అన్ని దేశముల చరిత్రలోను కనబడునదే. హెల్మ్‌కెన్ న్యాయాధికార పదవిని వదలుకొనెను. 1850 చివర గవర్నరునకు జబ్బుచేయగా ఆయనను విక్టోరియాకు పిలిపించిరి. అప్పటినుండి ఆయన నివాసము అదియే.

విక్టోరియా కోటకు అధిపతి జేమ్సు డగ్లాసు. గంభీరుడు, కఠినుడు, దూరదృష్టి కలవాడు. బ్లాన్‌షార్డు తరువాత గవర్నరును ఆయనయే అయ్యెను. డగ్లాసు భార్య అమీలియా తల్లి క్రీ అను ఆదిమజాతి స్త్రీ. వారి పెద్దకుమార్తె సిసీలియాను హెల్మ్‌కెన్ వలచెను. 1852 డిసెంబరు 27వ తేదీన వారి వివాహము జరిగెను. ఆనాడు మంచు విస్తారముగా కురియుటచేత పెండ్లికూతురు బండిపై వచ్చు వీలులేక, సరకులపెట్టెతో జారుడుబండి ఒకటి అప్పటికప్పుడు సిద్ధముచేసిరి. మధ్యాహ్నము పండ్రెండు గంటలు దాటినచో పెండ్లి చెల్లదను నియమ ముండుటవలన పురోహితుడు గడియారము చూచుకొనుచు తొందరపడవలసి వచ్చెను. ముహూర్తము మించునేమోయను ఆందోళన మన పెండ్లిపందిళ్లకు మాత్రమే ప్రత్యేకము కాదని దీనివలన తెలియుచున్నది.

మామగారి ఇంటి ప్రక్కనే దుంగలతో చిన్న ఇల్లు కట్టుకొని దంపతులు కాపురము పెట్టిరి. ఆ ఇల్లు తరువాత రెండు పర్యాయములు పెంచబడెను. కోటలోని ఉద్యోగులు, చుట్టుపట్ల వలస రైతులు, ఆదిమజాతివారు, రేవునకు వచ్చు నావికులు, అందరికిని వైద్యుడు హెల్మ్‌కెనే. పడవపైనో, గుర్రముపైనో, కాలినడకనో ఎంతదూరమైనను పోవలెను. విరిగిన ఎముకలు, గొడ్డలి గాయములు, కాన్పులు, పండ్లుపెరుకుట, అన్నియు ఒక్క చేతిమీదనే జరుగవలెను. సలహా అడుగుటకు మరియొక వైద్యుడు అందుబాటులో లేడు. మందు అయిపోయినచో ఓడ వచ్చువరకు వేచియుండవలెను.

1856లో ద్వీపమునకు శాసనసభ ఏర్పడెను. సభ్యులు ఏడుగురే. ఓటర్లును స్వల్పమే. కోటలోని ఒక గదిలో ఆగస్టు 12వ తేదీన ప్రథమ సమావేశము జరిగెను. హెల్మ్‌కెనును సభాధ్యక్షునిగా ఎన్నుకొనిరి. గవర్నరు మామ, సభాధ్యక్షుడు అల్లుడు, ఇరువురును కంపెనీవారే! ఇది ప్రజాపాలనయా, ఒక్క ఇంటివారి పాలనయా అని గిట్టనివారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. అయినను 1866లో ఆ ద్వీపము ప్రధానభూభాగముతో ఐక్యమగువరకు పదియేండ్లు ఆ పదవిలో ఆయననే నిలుపుకొనిరి.

ఈ నిద్రాణమైన పల్లె జీవితము ఒక్క ఆదివారమున మారిపోయెను. ఫ్రేజరునది ఇసుకలో బంగారమున్నదను మాట 1857 నాటికే ఆదిమజాతివారి మూలమున కంపెనీకి తెలిసెను. ఆ వార్త సాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. కాలిఫోర్నియా గనులు అప్పటికి గట్టిబడి, ఒంటరి కూలివానికి గిట్టుబాటు తగ్గియుండెను. 1858 ఏప్రిలు 25వ తేదీన ఊరివారు ప్రార్థనలు ముగించుకొని వచ్చుచుండగా కమొడోరు అను ఓడ రేవున నిలిచి నాలుగు వందలకు మించిన మనుష్యులను దింపెను. ఎఱ్ఱని ఉన్నిచొక్కాలు, భుజములపై పారలు, నడుములకు తుపాకులు, కంబళి మూటలు. కోటచుట్టునున్న జనాభాయే కొన్ని వందలు! ఆ తరువాత ఓడవెంట ఓడ వచ్చెను. ఆ వేసవిలో ఇరువదివేలకు మించి జనులు ఈ దారిని పోయిరి. అమెరికనులు, ఇంగ్లీషువారు, జర్మనులు, చీనావారు, కాలిఫోర్నియాలో తమకు హక్కులు లేవని వలసవచ్చిన నీగ్రోజాతివారు, నానాజాతులును ఆ గుంపులో నుండిరి. గనులు త్రవ్వుటకు నెలకు 21 షిల్లింగుల అనుమతిపత్రము విక్టోరియాలోనే కొనవలెను గనుక అందరును అచ్చట దిగవలసినదే. ఆరువారములలో 225 కట్టడములు లేచెను. అందులో దాదాపు రెండువందలు అంగళ్లే. మొన్నటివరకు గొఱ్ఱెలు మేసిన నేలను గజములు కొలిచి అమ్మిరి.

బంగారపు కథలను చెప్పువారు దొరకిన వారినిగూర్చియే చెప్పుదురు. వైద్యుడు చూచినది దొరకనివారిని. నెలలతరబడి మంచునీటిలో మోకాళ్లవరకు నిలిచి ఇసుక కడుగుటవలన కీళ్లు పట్టుకొనిపోవుట, ఉప్పుమాంసము, పిండి తప్ప పచ్చికూర ఎరుగని భోజనమువలన పండ్లచిగుళ్లు ఉబ్బి నెత్తురుకారు స్కర్వీ వ్యాధి, మురికినీటివలన జ్వరములు, కొండచరియలు విరిగిపడి ఎముకలు నుగ్గగుట, త్రాగిన మైకములో కత్తిపోట్లు. చలికాలము రాగానే గనులు మూతపడి ఈ జనమంతయు విక్టోరియాకు దిగివచ్చును. చేతిలో పైసా లేనివాడు ఎక్కడ పడుకొనును? ఎవరు నీళ్లిత్తురు? ఆ ప్రశ్నలకు జవాబుగా 1858లోనే ఊరిపెద్దలు ఒక చిన్న ఇంటిలో వైద్యశాల పెట్టిరి. స్కర్వీకి మందు ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, పుల్లని పండ్లరసము అని వైద్యులందరికిని తెలియును. కాని కొండలలో బంగారము దొరకినంత సులభముగ ఉల్లిగడ్డ దొరకదు!

1862లో ఫ్రేజరునది ఎగువను కారిబూ ప్రాంతమున మరింత గొప్ప నిక్షేపములు బయటపడెను. ఆ సంవత్సరము ఆగస్టులో బిల్లీ బార్కరు అను ఇంగ్లీషువాని గోతిలో బంగారము పడగా, ఆ గోతిచుట్టు బార్కర్‌విల్లు పట్టణము లేచెను. ఆ దారియంతయు వందలకొలది మైళ్ల కొండలోయ. కారిబూలో కారల్ మొదలగు ఇతర వైద్యులు నివసించి చికిత్సలు చేసిరి. హెల్మ్‌కెన్ మాత్రము విక్టోరియాను విడువక, ఆ ప్రవాహమంతయు వచ్చిపోవు వాకిటిలో నిలిచియుండెను. బంగారము త్రవ్వబోయి ఐశ్వర్యవంతుడు కావలెనను ఆశ ఆయనకు కలిగినట్లు కనబడదు.

ఆ 1862వ సంవత్సరమే ఆయన జీవితమున కఠినపరీక్ష. మార్చి 12వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కోనుండి బ్రదర్ జొనాథన్ అను ఓడ గనివాండ్రతోపాటు మశూచికమును గూడ విక్టోరియాలో దింపెను. తెల్లవారిలో చాలమంది చిన్ననాటనే టీకాలు వేయించుకొన్నవారు. తీరమందలి ఆదిమజాతుల వారికి ఆ రక్షణ లేదు. ఈ వ్యాధి వారి పూర్వులలో తరతరములుగ నిలిచినదియు కాదు. అప్పటికి విక్టోరియా చుట్టును సాంఘీసులేగాక, ఉత్తరపు తీరమునుండి పనికిని వర్తకమునకును వచ్చిన సింషియనులు, హైదాలు, ఇతరజాతులవారు వేలకొలది డేరాలు వేసికొనియుండిరి.

మన పల్లెలలో మశూచిని అమ్మవారని పిలిచి, వాకిట వేపమండలు కట్టి, వీధివీధియు భయముతో మెలగిన దినములు పెద్దలకు జ్ఞాపకమున్నవే. అట్టి భయమే ఆ తీరమును ఆవరించెను. భారతదేశమున తుదిరోగి 1975లో కనబడెను. లోకమంతటను ఈ వ్యాధి నశించినదని 1980లో ప్రకటించిరి. అందుకు ఆధారమైన టీకాను జెన్నరు 1796లోనే కనుగొనియుండెను. కనుక 1862లో ఆయుధము లేకపోలేదు. దానిని ఎవరికి, ఎంతత్వరగా, ఎంత శ్రద్ధతో వేయుదురనునదియే ప్రశ్న.

హెల్మ్‌కెన్ టీకాలు తీసుకొని సాంఘీసుల పల్లెకు పోయెను. ఏప్రిలు ముగియునప్పటికి సుమారు ఐదువందల మందికి టీకాలు వేసెను. చేతిపై కత్తిమొనతో గీచి, పశువుపుండు రసమును అంటించుకొనుమని తెల్లవాడొకడు వచ్చి చెప్పగా నమ్మి చేయిచాచుట సులభము కాదు. పదునొకండేండ్లు అదే రేవులో మెలగి, అదే జాతివారి బిడ్డలను చూచినవాడు గనుకనే ఆ నమ్మకము కలిగియుండవలెను. సాంఘీసులు స్వయముగ బుద్ధిశాలురై, పల్లె విడిచి సమీపమందలి ఒక చిన్న దీవికి తరలి, రోగులకు దూరముగ నుండిరి. టీకాలు, దూరవాసము రెండును కలసి వారిలో పెక్కుమందిని కాపాడెను.

ఉత్తరపు జాతులవారికి ఆ భాగ్యము కలుగలేదు. రోగులను వేరుచేసి ఉంచుటకు కట్టుదిట్టమైన నిర్బంధ చట్టము చేయవలసిన శాసనసభ వెనుదీసెను. ఆ సభకు అధ్యక్షుడు ఎవరో కాదు, హెల్మ్‌కెనే. ఊరిపెద్దలు భయపడి, డేరాలవారిని తరిమివేయుమని ఒత్తిడిచేసిరి. రక్షకభటులు గుడిసెలను తగులబెట్టిరి. జూన్ నెలలో సుమారు 300 మంది హైదాలున్న పడవలను యుద్ధనౌక యొకటి ఉత్తరమునకు లాగుకొనిపోయెను. రోగము సోకినవారును, సోకనివారును కలసి ఇండ్లకు బయలుదేరిరి. వారు దిగిన ప్రతి తావున మశూచి దిగెను. తీరపు పల్లెలు శ్మశానములయ్యెను. ఇరువదివేలవరకు చనిపోయిరని చరిత్రకారుల అంచనా. పూడ్చువారు లేని పల్లెలు పెక్కు.

హెల్మ్‌కెన్ చరిత్రలో ఈ ఘట్టమును ఒకవంకనుండి మాత్రము చూచుట తగదు. ఒక చేతితో ఆయన ఐదువందల మందిని కాపాడెను. తరిమివేతను మాన్పించుటకు తగిన పదవి ఆయన రెండవచేతిలో ఉండెను, దానిని వినియోగించినట్లు కానరాదు. ఆయన భార్యయు, బిడ్డలును ఆదిమజాతి రక్తము కలవారే. అప్పటి ఊరిలో ఆ గుంపులపట్ల భయము, అసహ్యము ఎంత ప్రబలినను, టీకాల సంచి పట్టుకొనిపోయినవానికి ఉత్తరపు డేరాలు కనబడకపోలేదు. అంతమందికి చాలు టీకారసము, చేతులు ఆ ఊరిలో ఉండెనా అనునది వేరుప్రశ్న. డేరాలను తగులబెట్టుటకు మాత్రము చేతులు చాలినవి.

1864లో డగ్లాసు గవర్నరు పదవి వదలెను. 1865 ఫిబ్రవరిలో హెల్మ్‌కెన్ ఇంట పిడుగు పడెను. సిసీలియా బిడ్డను కని, కొద్దిదినములలోనే మరణించెను. ఆమె వయస్సు ముప్పదియేండ్లు. ఏడుగురు బిడ్డలలో నలుగురే మిగిలిరి. ఊరివారి కాన్పులెన్నో చేసిన వైద్యుడు తన యింట ఇట్లు చేతులు ముడుచుకొని నిలువవలసి వచ్చెను. ఆయన మరల వివాహమాడలేదు. అమీ, డాలీ అను కుమార్తెలను, జేమ్సు, హ్యారీ అను కుమారులను పెంచుకొనెను. జేమ్సు తండ్రివలె వైద్యుడయ్యెను. హ్యారీ న్యాయవాదియై శాసనసభకు ఎన్నికయ్యెను.

1866లో వాంకూవరు ద్వీపమును, ప్రధానభూభాగమందలి బ్రిటిషు కొలంబియాయును ఒక్కటయ్యెను. రాజధాని ఏది కావలెనని పెద్ద తగవు పుట్టెను. విక్టోరియా పక్షమున హెల్మ్‌కెన్ పోరాడెను. 1868లో విక్టోరియాయే గెలిచెను. అప్పటికి బంగారము తగ్గి, జనులు తరలిపోయి, అప్పులు మిగిలెను. ఈ రాజ్యమేమి కావలెను? కొందరు కెనడాలో కలియవలెననిరి. కొందరు అమెరికా సంయుక్తరాష్ట్రములవైపు చూచిరి. హెల్మ్‌కెన్ కెనడా ఐక్యమును గట్టిగా ప్రతిఘటించెను. నడుమ వేలమైళ్ల కొండలు, మైదానములు ఉండగా, దారియైన లేని దేశముతో కలిసి ఏమి బాగుపడుదుమని ఆయన వాదము. అది మొండివాదమని తోసివేయుటకు వీలులేదు. దారిలేని కాపురమెట్లు సాగును?

విచిత్రమేమనగా, ఐక్యపు షరతులు మాటలాడుటకు 1870లో ఒట్టావాకు పోయిన ముగ్గురిలో ప్రతిపక్షియైన హెల్మ్‌కెనే ఒకడు. రెండవవాడు ట్రచ్ అను ఇంజనీరు. మూడవవాడు కారిబూ వైద్యుడు కారల్. కెనడా గుండ పోవుటకు దారిలేదు గనుక, వీరు ఓడపై సాన్‌ఫ్రాన్సిస్కో చేరి, ఒక్క యేటి క్రిందటనే పూర్తియైన అమెరికా రైలుమార్గముపై ఖండము దాటి, ఆ వంకనుండి కెనడాలో ప్రవేశించిరి. ఆ రైలుపెట్టెలో కూర్చుండిన హెల్మ్‌కెనుకు రైలు ఖండమును ఎట్లు కట్టివేయునో కంటికి కట్టియుండును. రెండేండ్లలో పని మొదలిడి, పదియేండ్లలో పసిఫిక్ తీరమునకు రైలుమార్గము వేయుదుమని కెనడావారు మాటయిచ్చిరి. ప్రతినిధులు అడుగబోయినదానికంటె ఎక్కువగా ఆ మాట దొరకెను. 1871 జూలై 20వ తేదీన బ్రిటిషు కొలంబియా కెనడాలో చేరెను. రైలు పట్టాలు కలిసినది మాత్రము 1885 నవంబరు 7వ తేదీన.

ఐక్యమైన పిమ్మట ఆయనకు ఎగువసభ సభ్యత్వము ఇవ్వజూపిరి. ఒప్పుకొనక రాజకీయములను పూర్తిగా వదలి మరల మందులపెట్టె పట్టుకొనెను. ఇట్లు పదవి చేతికందునప్పుడు విడిచిన వారు చరిత్రలో అరుదు. కంపెనీ వైద్యుడుగను, కారాగారపు వైద్యుడుగను, ఊరందరికి ఇంటివైద్యుడుగను మరి నలువదియేండ్లవరకు పనిచేసెను. 1885లో ఆ రాష్ట్రపు వైద్యులు సంఘముగ ఏర్పడగా ప్రథమాధ్యక్షుడుగ ఆయననే కోరుకొనిరి. పొట్టివాడు, సన్ననివాడు, మాట కొంచెము గరుకు. తరువాతికాలమున కెనడాలో గొప్ప చిత్రకారిణియని పేరొందిన ఎమిలీ కార్ విక్టోరియాలో పుట్టి పెరిగినది. ఆమె ఇంటివైద్యుడు హెల్మ్‌కెనే. 1942లో ప్రచురించిన తన బాల్యస్మృతుల గ్రంథములో ఆమె ఈ ముసలివైద్యుని ప్రేమతో స్మరించినది. రోగపుబిడ్డకు వైద్యుడు గుమ్మములో అడుగుపెట్టినంతనే సగము జబ్బు తగ్గును గదా, అట్టి వైద్యుడాయన.

1892లో తన అనుభవములను నోటుపుస్తకములలో వ్రాసికొనెను. ఓడప్రయాణము, ఫోర్టు రూపర్టు తగవులు, మంచులో జరిగిన పెండ్లి, ఏడుగురి శాసనసభ, గనివాండ్ర గుంపులు, అన్నియు అందులో దాపరికములేక వ్రాసెను. ఆయన బ్రతికినంతకాలమును, ఆ తరువాత చాలకాలమును అవి వ్రాతప్రతులుగనే యుండి 1975లో గ్రంథరూపమున వెలువడెను. ఆనాటి విక్టోరియా చరిత్ర వ్రాయదలచినవారెవ్వరును ఆ గ్రంథమును చూడక వ్రాయజాలరు.

1910లో, ఎనుబదియారవయేట, పని చాలించెను. 1920 సెప్టెంబరు 1వ తేదీన తొంబదియారేండ్ల వృద్ధుడై కన్నుమూసెను. ఆయన వచ్చిననాడు ప్రాకారము, అడవి తప్ప లేని చోట అప్పటికి ట్రాముబండ్లు, విద్యుద్దీపములు, శాసనసభా భవనపు గుమ్మటములు నిలిచియుండెను. పెరిగిన ఆ ఇంటిని చిన్నకుమార్తె డాలీ విడువక, తండ్రి వస్తువులను ఉన్నవి ఉన్నట్లు కాపాడుచు 1939లో మరణించువరకు అందులోనే నివసించెను. పిమ్మట ప్రభుత్వమువారు దానిని తీసుకొని 1941లో ప్రదర్శనశాలగ తెరచిరి. శాసనసభా భవనమునకు ప్రక్కనే ఆ దుంగల ఇల్లును, అందులో ఆయన మందులపెట్టెయును నేటికిని ఉన్నవి. 1852లో ఆయన కట్టిన మొదటిగది ఇప్పటికిని ఆ ఇంటిలో భాగమే.

ఆ రాష్ట్రపు లోతట్టున మర్టిలు నదిపై 141 మీటర్ల ఎత్తునుండి పడు జలపాతమొకటి కలదు. 1913లో భూమికొలత ఉద్యోగి యొకడు దానిని కనుగొని ప్రభుత్వమునకు తెలుపగా, దానికి హెల్మ్‌కెన్ జలపాతమని పేరుపెట్టిరి. అప్పటికి ఆయన ఎనుబదితొమ్మిదేండ్లవాడు. ఆ జలపాతమును ఆయన ఎన్నడును చూడలేదు.